ముగ్గురు నేస్తాల ఆట: మీ మొదటి ప్లాట్‌ఫామ్ గేమ్ చేయడం ఎలా?

మిత్రలాభం కథ గుర్తుందా? 1853లో వచ్చిన చిన్నయసూరి నీతిచంద్రిక ఆ కథను తరతరాల బడిపిల్లలకు చేర్చింది. ఎలుక, కాకి, తాబేలు, జింక నేస్తాలు. ఒకరోజు వేటగాడు తాబేలును కట్టి పట్టుకుపోతుంటాడు. జింక మడుగు ఒడ్డున చచ్చినట్టు పడుకుంటుంది. కాకి దాని మీద వాలి కన్ను పొడుస్తున్నట్టు నటిస్తుంది. వేటగాడు తాబేలును కింద పెట్టి జింక వైపు నడవగానే ఎలుక వచ్చి కట్టు కొరికేస్తుంది. తాబేలు నీళ్లలోకి జారుతుంది, కాకి ఎగిరిపోతుంది, జింక లేచి అడవిలోకి ఉరుకుతుంది.

గేమ్ చేయాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం దొరకదు. మిగతా ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా తాబేలు బతకదు, ఒకరి పని ఇంకొకరి వల్ల కాదు. ఎక్కువ పాత్రలున్న గేమ్‌కు ప్రాణం ఇక్కడే ఉంది. రంగులు, దుస్తులు, పేర్లు మార్చినంత మాత్రాన కొత్త పాత్ర పుట్టదు. అది చేసే పని మారితేనే పుడుతుంది.

గోడలు, గట్లు, గోతులు గెంతుతూ దాటే ఆటలను ప్లాట్‌ఫామ్ గేమ్‌లంటారు. మారియో ఆడినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్కరే కూర్చుని, పెట్టుబడి లేకుండా, మూడు పాత్రలతో అలాంటి చిన్న గేమ్ ఎలా తయారు చేయాలో ఇక్కడ అడుగడుగునా చెబుతాను. ఉదాహరణకు మిత్రలాభం నేస్తాల్లో ఎలుక, కాకి, తాబేలును తీసుకుందాం. జింకను చివరికి ఉంచుదాం.

1. కావాల్సినవి సమకూర్చుకోండి

మామూలు ల్యాప్‌టాప్, గళ్ల నోటుపుస్తకం, పెన్సిల్, గేమ్‌లు తయారుచేసే గోడో ఇంజన్. ఇవి చాలు. అర్జెంటీనాలో పుట్టిన గోడో 2014 నుంచి అందరికీ ఉచితం. దాంతో చేసిన గేమ్ అమ్ముకున్నా ఎవరికీ వాటా ఇవ్వక్కర్లేదు. డౌన్‌లోడ్ కూడా చిన్నదే, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. నాలుగో తరం వెర్షన్‌లలో తాజాది తీసుకోండి. ఇప్పటికే యూనిటీ అనే ఇంజన్ వచ్చినవాళ్లు దాంట్లోనే చేసుకోవచ్చు. కింది అడుగుల్లో పేర్లు గోడోవి, పద్ధతి మాత్రం ఏ ఇంజన్‌కైనా వర్తిస్తుంది.

2. పాత్రల పనులు కాగితం మీద పెట్టండి

కంప్యూటర్ తెరవడానికి ముందే ఈ పని పూర్తి కావాలి. ఒక్కో పాత్రకు రెండు వరుసలు రాయండి. అది మాత్రమే చేయగలిగేది మొదటి వరుస. అది ఎప్పటికీ చేయలేనిది రెండో వరుస.

ఎలుక: చిన్న కన్నాల్లో దూరుతుంది, తాళ్లు కొరుకుతుంది. నీళ్లలో పడితే బతకదు, ఎత్తుకు గెంతలేదు.

కాకి: మూడుసార్లు రెక్కలు కొట్టి పైకి ఎగురుతుంది. ఇరుకు సందుల్లో పట్టదు, తాడు కొరకలేదు.

తాబేలు: ఈదుతుంది, దాని డిప్పకు బాణం తగిలినా ఏమీ కాదు, వీపు మీద మిగతావాళ్లను మోస్తుంది. అసలు గెంతలేదు.

రెండో వరుసను చాలామంది వదిలేస్తారు. అసలు ఆట పుట్టేది అక్కడే. తాబేలు గెంతలేదు కాబట్టే దానికి దారి చేయాల్సిన పని మిగతా ఇద్దరి మీద పడుతుంది. 1993లో సూపర్ నింటెండో మీద వచ్చిన ది లాస్ట్ వైకింగ్స్ ఈ పద్ధతికి పెద్దబాలశిక్ష లాంటిది. అప్పటికి సిలికాన్ అండ్ సినాప్స్ పేరుతో ఉన్న, తర్వాత బ్లిజార్డ్‌గా మారిన సంస్థ చేసిన గేమ్ అది. ముగ్గురు వైకింగ్‌లలో గెంతగలిగేది ఎరిక్ ఒక్కడే. బేలియోగ్ దగ్గర కత్తి, విల్లు ఉంటాయి. ఓలాఫ్ డాలు అడ్డుపెడతాడు. ఆ డాలునే నెత్తిన ఎత్తిపట్టుకుంటే గాలిలో మెల్లగా దిగుతాడు, దాని మీదికెక్కి ఎరిక్ ఇంకా పైకి గెంతుతాడు. ప్లాట్‌ఫామ్ గేమ్‌లో ఇద్దరికి గెంతడమే రాకపోవడం లోపంలా అనిపిస్తుంది కానీ, ఆటకు రుచి దానివల్లే వచ్చింది.

ఇప్పుడు అడ్డంకుల పట్టిక వేయండి. నిలువు గళ్లలో పాత్రలు, అడ్డ గళ్లలో కన్నం, తాడు, మడుగు, ఎత్తు గట్టు, బాణాలు. ఎవరు దాటగలరో అక్కడ టిక్కు పెట్టండి. ఒక్కో అడ్డంకికి ఒక్కటే టిక్కు పడితే పాత్రలు బాగా విడివడినట్టు. ఏదైనా పాత్రకు అన్నిచోట్లా టిక్కులు పడితే ఆడేవాళ్లు దాన్నే పట్టుకుని చివరిదాకా పోతారు, మిగతావి ఉత్తినే నిలబడతాయి.

పాత్రలు ఎన్ని ఉండాలి? మొదటి గేమ్‌కు మూడు దాటకండి. పాత్రలు పెరిగితే వాటి మధ్య జతలు ఇంకా వేగంగా పెరుగుతాయి. ముగ్గురుంటే 3 జతలు, నలుగురుంటే 6, ఐదుగురుంటే 10. ప్రతి జతకూ పరీక్ష ఉంటుంది: ఎలుక తాబేలు మీదికెక్కితే ఏమవుతుంది, కాకి ఎలుక నెత్తిన వాలితే ఏమవుతుంది? ఒక్కరే చేసే పనికి మూడు జతలు సరిపోతాయి.

3. ఒకరి నుంచి ఇంకొకరికి మారే పద్ధతి తేల్చుకోండి

ఇందులో మూడు దారులున్నాయి. 1988లో అమెరికాలో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 2లో లెవెల్ మొదలయ్యే ముందే నలుగురిలో ఒకరిని ఎంచుకుంటాం. ఇది చేయడానికి తేలిక. కానీ ప్రతి లెవెల్ నలుగురిలో ఎవరు ఆడినా పూర్తయ్యేలా ఉండాలి, కాబట్టి ఒకరి అవసరం ఇంకొకరికి ఉండదు. ఫిన్లాండ్‌కు చెందిన ఫ్రోజెన్‌బైట్ 2009లో తెచ్చిన ట్రైన్‌లో మాంత్రికుడు, దొంగ, వీరుడు ఉంటారు. ఒక్కరే ఆడేటప్పుడు తెర మీద ఒక్కరే కనిపిస్తారు, బటన్ నొక్కితే అదే చోట ఇంకొకరిగా మారతారు. ఆట చురుగ్గా సాగుతుంది. మూడో దారి లాస్ట్ వైకింగ్స్‌ది. ముగ్గురూ లెవెల్‌లోనే ఉంటారు, మనం ఒకరిని నడుపుతుంటే మిగతా ఇద్దరు ఉన్నచోటే ఆగుతారు.

మన కథకు మూడోదే తగింది. తాబేలు ఒడ్డున ఆగితేనే కదా ఎలుక దాని వీపెక్కేది!

4. తెరను, గడిని నిర్ణయించండి

కొత్త ప్రాజెక్ట్ తెరిచి, సెట్టింగ్స్‌లో తెర వెడల్పు 320, ఎత్తు 180 పెట్టండి. దీన్ని 6తో హెచ్చిస్తే సరిగ్గా 1920×1080 వస్తుంది, బొమ్మలు సాగిపోవు. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ప్లాట్‌ఫామ్ గేమ్‌ను కూడా ఈ కొలతలోనే చేశారు. గడి 16 పిక్సెళ్లు అనుకుంటే తెర అడ్డంగా 20 గడులు వస్తాయి. మీ గళ్ల నోటుపుస్తకం ఇక్కడ పనికొస్తుంది: ఒక గడి అక్కడ, ఒక గడి ఇక్కడ.

స్ట్రెచ్ మోడ్‌లో క్యాన్వాస్ ఐటమ్స్ ఎంచుకోండి. తెలుగులో మాటలు చూపించాలనుకునేవాళ్లకు ఇది ముఖ్యం. 180 పిక్సెళ్ల ఎత్తున్న తెరలో ఒత్తులు, గుణింతాలు నలిగిపోతాయి. ఈ మోడ్‌లో అక్షరాలు మాత్రం అసలు తెర నాణ్యతతో వస్తాయి. గోడో నాలుగో తరం తెలుగు ఒత్తులను సరిగ్గా కూర్చుతుంది. మీరు చేయాల్సిందల్లా రామభద్ర, మండలి లాంటి ఉచిత తెలుగు ఫాంట్ ఒకటి జోడించడం.

5. రంగు పెట్టెలతో గెంతు కుదర్చండి

ఇంకా బొమ్మలు గీయవద్దు. ఎలుకకు బూడిదరంగు చిన్న పెట్టె, కాకికి నల్ల పెట్టె, తాబేలుకు వెడల్పాటి ఆకుపచ్చ పెట్టె చాలు. మైక్ బిథెల్ 2012లో విడుదల చేసిన థామస్ వాజ్ అలోన్ గేమ్‌లో చివరిదాకా పాత్రలు రంగు దీర్ఘచతురస్రాలే. ఒకటి బాగా గెంతుతుంది, ఒకటి నీళ్ల మీద తేలుతుంది, ఒకటి మిగతావాటికి ట్రాంపోలిన్ అవుతుంది. వాటి పేర్లు, వెనక నుంచి వినిపించే కథనం కలిసి ఆడేవాళ్లకు వాటి మీద ప్రేమ పుట్టిస్తాయి. పెట్టెలుగా ఉన్నప్పుడే ఆడాలనిపిస్తే గేమ్ కుదిరినట్టే. లేకపోతే ఎంత అందమైన బొమ్మ వేసినా కుదరదు.

క్యారెక్టర్‌బాడీ2డి అనే నోడ్‌తో మొదలుపెట్టండి. గోడో ఇచ్చే తయారీ స్క్రిప్ట్‌లో నడక, గెంతు ఉంటాయి. కానీ వాటి అంకెలు మీ ఆటకు సరిపోవు. అంకెలు ఊహించి పెట్టకుండా లెక్క కట్టండి. ఎంత ఎత్తు గెంతాలి, ఆ ఎత్తుకు చేరడానికి ఎంతసేపు పట్టాలి అన్న రెండు విషయాలు మీరు నిర్ణయిస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి.

గురుత్వం = 2 × ఎత్తు ÷ (సమయం × సమయం)
గెంతు వేగం = 2 × ఎత్తు ÷ సమయం

ఎలుక ఒక గడి ఎక్కాలి, రెండు గడులు ఎక్కకూడదు. కాబట్టి ఎత్తు 20 పిక్సెళ్లు, సమయం 0.25 సెకను అనుకుందాం. గురుత్వం 40 ÷ 0.0625 = 640. వేగం 40 ÷ 0.25 = 160. గోడోలో పైకి పోవడం అంటే మైనస్, కాబట్టి -160 అని రాయాలి.

ఇప్పుడు అడ్డంగా చూద్దాం. ఎలుక సెకనుకు 90 పిక్సెళ్లు పరిగెత్తితే, గాలిలో ఉండే అర సెకనులో 45 పిక్సెళ్లు పోతుంది. రెండు గడుల గొయ్యి 32 పిక్సెళ్లు, హాయిగా దాటుతుంది. నాలుగు గడులది 64, దాటదు. మూడు గడులది 48, పెట్టె వెడల్పు కూడా కలిసొస్తుంది కాబట్టి ఒకసారి దాటుతుంది, ఒకసారి పడుతుంది. ఎలుక దారిలో మూడు గడుల గొయ్యి పెట్టకండి. ఆడేవాళ్లు గొయ్యిని చూడగానే ఇది ఎలుక పనా, కాకి పనా అన్నది తేలిపోవాలి. తేలకపోతే పది సార్లు గెంతి పడి, తప్పు తమదే అనుకుంటారు. అది మీ కొలత తప్పు.

కాకికీ అదే గురుత్వం, ఒక్కో రెక్క దెబ్బకు అదే 20 పిక్సెళ్లు. మూడు దెబ్బలకు 60. మూడు గడుల గట్టు ఎక్కుతుంది, నాలుగు గడులది ఎక్కదు. అడ్డంగా మాత్రం రెక్క ఎప్పుడు కొట్టారన్నదాన్ని బట్టి దూరం మారుతుంది. పదిసార్లు ఎగిరి చూసి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన దూరాన్ని నోటుపుస్తకంలో రాసుకోండి.

6. వేళ్లను క్షమించండి

అంచు దాటిన క్షణంలో గెంతు బటన్ నొక్కితే ఎలుక పడిపోతుంది. ఆడేవాళ్లకు మాత్రం అంచు మీదే నొక్కామనిపిస్తుంది. అందుకే అంచు దాటాక కూడా 0.1 సెకను పాటు గెంతనివ్వండి. దీన్ని కయోటీ టైమ్ అంటారు. అలాగే నేల తాకడానికి 0.1 సెకను ముందు నొక్కినా, ఆ నొక్కుడును గుర్తుపెట్టుకుని తాకగానే గెంతించండి. సెలెస్ట్ అంత కఠినమైన గేమ్ అయినా వేళ్లకు హాయిగా ఉండటానికి ఇలాంటి చిన్న చిన్న దయలే కారణం. 60 ఫ్రేమ్‌ల లెక్కన 0.1 సెకను అంటే 6 ఫ్రేమ్‌లే. ఎవరి కంటికీ కనబడదు, అందరి వేళ్లకూ తెలుస్తుంది.

7. ఒక తల్లి సీన్, ముగ్గురు పిల్లలు

ఎలుక స్క్రిప్ట్‌ను కాపీ చేసి కాకికి, మళ్లీ కాపీ చేసి తాబేలుకు పెట్టడం కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు. రేపు నడకలో ఒక తప్పు బయటపడితే మూడుచోట్ల దిద్దాలి, ఒకచోట మర్చిపోతారు. నడక, పడిపోవడం, చనిపోవడం, మళ్లీ పుట్టడం లాంటి అందరికీ ఉండేవన్నీ ఒక తల్లి సీన్‌లో పెట్టండి. దాని నుంచి ఇన్‌హెరిటెడ్ సీన్‌లుగా ముగ్గురినీ తీయండి. వేగం, ఎత్తు, సమయం లాంటి అంకెలను ఎక్స్‌పోర్ట్ చేస్తే పక్కనున్న ప్యానెల్‌లోనే మార్చుకోవచ్చు. పిల్ల సీన్‌లో దాని ప్రత్యేక పని ఒక్కటే ఉండాలి.

మార్పిడి కోసం పైన ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టండి: ముగ్గురి జాబితా, ఇప్పుడు ఎవరి వంతు అన్న అంకె. ఇక్కడ మూడు జాగ్రత్తలు తీసుకోవాలి.

ఒకటి, వంతు లేనివాళ్లు బటన్‌లను వినకూడదు, కానీ గురుత్వం వాళ్ల మీద పనిచేస్తూనే ఉండాలి. లేకపోతే గాలిలో ఉండగా మార్చిన కాకి అక్కడే వేలాడుతుంది.

రెండు, కెమెరా కొత్త పాత్ర దగ్గరికి దూకకూడదు, సుమారు 0.3 సెకనులో జారుతూ వెళ్లాలి. అప్పుడే ఎవరు ఎక్కడున్నారో మనసులో పటంలా నిలుస్తుంది.

మూడు, తాబేలు వీపు. కింది నుంచి దూరేలా, పై నుంచి నిలిచేలా వన్ వే కొలిజన్ పెట్టండి. తాబేలు కదులుతుంటే వీపు మీది ఎలుక కూడా కదలాలి. దీని కోసమే ఖాళీ గది లాంటి ఒక పరీక్ష లెవెల్ చేసి, అది కుదిరేదాకా ముందుకు పోకండి.

8. లెవెల్ అంటే పొడుపుకథ

మొదటి లెవెల్ ఎలుకతోనే. రెండోది కాకితోనే. మూడోదాంట్లో ఇద్దరూ కలుస్తారు. నాలుగోదాంట్లో తాబేలు వస్తుంది, ఐదు నుంచి ముగ్గురూ ఉంటారు. కొత్త పని నేర్పేచోట ప్రాణభయం పెట్టకండి. ఎలుకను మొదటిసారి నీటి దగ్గరికి తెచ్చినప్పుడు చచ్చినా రెండడుగులు వెనకే మళ్లీ పుట్టాలి.

లెవెల్‌ను చివరి నుంచి వెనక్కి గీయండి. ఒకటి చేసి చూద్దాం. తలుపు తెరుచుకోవాలంటే తాడు తెగాలి, అది ఎలుక పని. ఆ తాడు మడుగు అవతల ఉంది, కాబట్టి ఎలుకను తాబేలు మోయాలి. తాబేలు గట్టు కింద ఆగిపోయింది, దానికి వాలుగా ఒక పలక దించాలి. పలక దించే మీట మూడు గడుల ఎత్తున ఉంది, అది కాకి పని. ఇక ముందు నుంచి ఆడితే కాకి, తాబేలు, ఎలుక వరుసగా పని అందుకుంటారు. ఆడేవాళ్లకు మొదట తాడు కనిపించేలా పెట్టండి. పొడుపుకథలో ప్రశ్న ముందు తెలియాలి, జవాబు తర్వాత తట్టాలి.

ఈ రకం గేమ్‌లలో ఒక పెద్ద ప్రమాదం ఉంది. గెంతలేని తాబేలు గోతిలోకి జారితే బయటికి రాలేదు, ఆట చావదు, ముందుకూ పోదు. కాబట్టి ప్రతి గోతిలోనూ నీళ్లో, ముళ్లో, బయటికి వాలో ఉండాలి. లెవెల్ మళ్లీ మొదలుపెట్టే బటన్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. లెవెల్‌లను ఒక నిమిషం నుంచి మూడు నిమిషాల్లో అయ్యేంత చిన్నగా ఉంచితే, మళ్లీ మొదలుపెట్టడం భారంగా ఉండదు.

9. వేరేవాళ్లతో ఆడించి, మౌనంగా చూడండి

తమ్ముడికో, అత్తకో, హాస్టల్ స్నేహితుడికో ఇచ్చి పక్కన కూర్చోండి. కాకితో వెళ్లు అని నోరు జారకండి. ఎక్కడ ఆగారు, ఎవరిని పట్టుకుని ఎక్కువసేపు ఉన్నారు, ఎవరిని మర్చిపోయారు అన్నది రాసుకోండి. ఒకే చోట ముగ్గురు ఆగితే ఆ చోటు మార్చండి. ఒక పాత్రను అందరూ తప్పించుకుంటుంటే దాని బలం పెంచేముందు నడక వేగం చూడండి. తాబేలు నెమ్మదిగా ఉండాలి కానీ, ఖాళీ దారిలో ఆవలింతలు తెప్పించకూడదు.

10. ఇప్పుడు బొమ్మలు, శబ్దాలు

ముగ్గురినీ పూర్తిగా నలుపు నింపి చూడండి. నీడను బట్టే ఎవరో తెలియాలి. ఎలుకకు పొడవాటి తోక, కాకికి ముక్కు, తాబేలుకు డిప్ప గుమ్మటం. రంగుల తేడా తెలియనివాళ్లూ ఆడతారు కాబట్టి ఆకారమే గుర్తుగా నిలవాలి. వంతు ఉన్న పాత్ర నెత్తిన చిన్న బాణం గుర్తు పెట్టండి. నిలబడటానికి 2, నడకకు 4, గెంతుకో పడిపోవడానికో 2, ప్రత్యేక పనికి 4 అనుకున్నా ఒక్కో పాత్రకు 12 బొమ్మలు, ముగ్గురికి 36. నాలుగో పాత్ర ఎందుకొద్దన్నానో ఇక్కడ మరోసారి తెలుస్తుంది.

బొమ్మలు గీయడానికి లిబ్రెస్ప్రైట్, క్రిటా ఉచితంగా దొరుకుతాయి. చేయి తిరగనివాళ్లు కెన్నీ అనే సైటులో ఉచితంగా పెట్టిన బొమ్మలను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. చిన్న శబ్దాలకు 2007లో వచ్చిన ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ ఇప్పటికీ హాయి. ముగ్గురి అడుగుల చప్పుడు వేరువేరుగా ఉంటే కళ్లు మూసుకున్నా ఎవరి వంతో తెలుస్తుంది.

11. బయటికి పంపండి

గోడోలో వెబ్ ఎక్స్‌పోర్ట్ చేసి ఇచ్.ఐఓ అనే సైటులో ఉచితంగా పెట్టండి. లింక్ పంపితే ఎవరైనా బ్రౌజర్‌లోనే ఆడతారు. స్టీమ్‌లో పెట్టాలంటే ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి. అమ్మకాలు 1,000 డాలర్లు చేరితే ఆ సొమ్ము తిరిగి ఇస్తారు. మొదటి గేమ్‌కు ఆ తొందర వద్దు. సెలెస్ట్ కూడా మొదట నాలుగు రోజుల్లో చేసిన చిన్న గేమే. ఆరు లెవెల్‌లు, ముగ్గురు నేస్తాలు, పూర్తయిన ఆట. ఇదే మీ మొదటి గమ్యం.

చివరి లెవెల్

ఆరో లెవెల్‌గా మిత్రలాభం చివరి ఘట్టం పెట్టండి. వేటగాడు తాబేలును పట్టుకుపోతాడు. ఆడేవాళ్లు అలవాటుగా మార్పిడి బటన్ నొక్కితే ఎలుక, కాకి వస్తారు, మూడోసారి నొక్కితే తాబేలు రాదు. ఆ చోట ఖాళీ గడి ఒకటి వెలిగి ఆరుతుంది. రెండు లెవెల్‌ల పాటు నెమ్మదిగా నడుస్తోందని విసుక్కున్న తాబేలు లేని లోటు ఆ ఒక్క బటన్ చెబుతుంది.

ఆ ఖాళీలోకి జింకను తీసుకురండి. దానికి నడక వద్దు, గెంతు వద్దు, కొత్త బొమ్మలూ పెద్దగా అక్కర్లేదు. ఒకే పని: బటన్ నొక్కిపట్టినంతసేపు కదలకుండా పడుకోవడం. వేటగాడు దగ్గరికి వస్తుంటే వేలు తీయకుండా పట్టుకోవాలి. కాకి వాలుతుంది, ఎలుక తాడు కొరుకుతుంది, తాబేలు నీళ్లలో పడిన చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు వేలు తీస్తే జింక తనంతట తానే లేచి పరిగెడుతుంది. మార్పిడి బటన్ నొక్కితే తాబేలు మళ్లీ వస్తుంది.